ఆకు లేని పూలు

అడవి ఆఫీసులో అందరూ పెద్దాయన అని పిలిచే ఆయనకి ఆ లోయలోకి దిగడం ఇది ఇరవై మూడోసారి. మోకాళ్ళు ఎప్పుడో మొరాయించాయి. ఉద్యోగం ఇంకో నాలుగు నెలలే. వెంట ఉన్నది బామ్మర్ది, అదే ఆఫీసులో డ్రైవరు. దారి పొడుగునా ఇద్దరూ ఆవలిస్తూనే ఉన్నారు.

తొలి వానల తర్వాత వారం రోజులు మాత్రమే పూసే ఒక ఆర్కిడ్‌ని లెక్కపెట్టడం వాళ్ళ పని. ఆ లోయలో తప్ప ఇంకెక్కడా లేదది. దానికి ఆకు లేదు, పచ్చదనం అసలే లేదు. ఎండ చొరబడని చోట, కుళ్ళిన ఆకుల్లోంచి తెల్లటి కాడ లేస్తుంది, కొసన పాలిపోయిన పువ్వు. సొంతంగా తిండి తయారుచేసుకోదు. నేలలోని బూజు దారాలు పట్టుకుని ఇంకొకరి సత్తువ లాక్కుని బతుకుతుంది. మన చుట్టాల్లో కూడా ఉన్నారులే ఇలాంటివాళ్ళు, అని బామ్మర్ది ఏటేటా అనే మాటే మళ్ళీ అన్నాడు. పెద్దాయనకి నవ్వే ఓపిక లేదు.

కనబడ్డ ప్రతి మొక్క పక్కన అంకె వేసిన ఎర్ర జెండా గుచ్చాలి. తర్వాత పై ఆఫీసరమ్మ వచ్చి సరిచూస్తుంది. పదికి తగ్గితే లోయని పూడ్చి రోడ్డు వేస్తారు. మధ్యాహ్నానికి దొరికినవి ఏడు.

"మిగతా మూడూ ఊరికే గుచ్చేద్దాం బావా. ఆవిడ వచ్చేసరికి పూలు వాడిపోయాయంటే సరి."

పెద్దాయన లెక్కలో ఏనాడూ అబద్ధం రాయని మనిషి. కానీ తను ఇంతకాలం పురిటి బిడ్డలా కాపాడిన నేల మీద బుల్డోజరు తిరగనివ్వడానికి మనసొప్పలేదు. ఉత్త మట్టిలో మూడు జెండాలూ తనే గుచ్చాడు. తర్వాత ఇద్దరూ ఒక రాయి నీడన కూలబడి, బూట్లు విప్పి, చల్లటి ఆకుల మీద పాదాలు ఆనించారు. ఎప్పుడు కునుకు పట్టిందో తెలీదు.

మెలకువ వచ్చేసరికి లోయంతా పొగమంచు. పక్షుల అలికిడి లేదు. పుట్టగొడుగుల వాసన గొంతులో అడ్డం పడుతోంది. ఆకుల అడుగున ఏదో మెల్లగా జరుగుతున్న చప్పుడు... ఆగింది... మళ్ళీ మొదలైంది.

"బావా... అటు చూడు."

ఉత్త మట్టిలో గుచ్చిన మూడు జెండాల పక్కనా మూడు తెల్లటి కాడలు. మూడూ పూశాయి. మూడు పూలూ వీళ్ళ వైపే తిరిగి ఉన్నాయి.

సంతోషించాల్సిన సంగతే. పెద్దాయనకి భయమేసింది. లేవబోయాడు. పాదం రాలేదు. గట్టిగా లాగాడు... తడి నేలలోంచి గడ్డి పీకినట్టు సన్నటి చప్పుడు. అరికాలి నిండా తెల్లటి నూగు దారాలు. నొప్పి లేదు. ఒంట్లో సత్తువంతా ఎవరో తోడేసినట్టు నీరసం, అంతే.

బామ్మర్ది పాదాలు ఊడదీయడానికి ఇంకా చాలాసేపు పట్టింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని పైకెక్కారు.

నాలుగు రోజులైనా బామ్మర్ది మంచం దిగలేదు. డాక్టరు వచ్చి చూసి, రోగమేమీ లేదు, విశ్రాంతి కావాలన్నాడు. వాణ్ణి పెద్దాయన, ఆయన భార్య తమ ఇంట్లోనే ఉంచుకున్నారు. నిద్రలోనే చిక్కిపోతున్నాడని అక్కగారు కళ్ళొత్తుకుంటోంది. పెద్దాయన కుర్చీలోంచి లేవాలంటే గోడ పట్టుకుంటున్నాడు.

అయిదో రోజు పొద్దున ఆఫీసరమ్మ ఫోన్ చేసింది. గొంతులో పండగ.

"పదికి పదీ ఉన్నాయండీ. ఇక రోడ్డు రాదు. మీరు చూడని రెండు కూడా దొరికాయి. రాయి నీడన, పక్కపక్కనే. ఒకటైతే ఎంత ఏపుగా లేచిందో. రెండోది ఇంకా మొగ్గే."

పక్క గదిలో భార్య తమ్ముణ్ణి పేరు పెట్టి పిలుస్తోంది. మళ్ళీ పిలిచింది. గొంతు మారింది.

వాటిని పీకేయండి, అనాలనుకున్నాడు పెద్దాయన. నోరు తెరిచాడు. అంత చిన్న మాటకి కూడా ఊపిరి చాల్లేదు.

"ఆ రెండిటికీ కంచె వేయించేశాను, ఎవరూ చెయ్యి వేయకుండా," అంటోందావిడ. "మొగ్గ రేపటికల్లా విచ్చుకుంటుంది."