ఎదిగే ఎముక

ఎముకలు కొనాల్సింది పోయి, మన్మథరావు ఒక బిడ్డ గొయ్యి తవ్వించాడు.

పలాసలో అతనికో ప్రైవేటు జూనియర్ కాలేజీ ఉంది. ఇన్‌స్పెక్షన్‌కి ల్యాబులో అస్థిపంజరం చూపించాలి. ఎముకల గోనెసంచి బల్ల మీద బోర్లించి, తీగతో కట్టి నిలబెట్టమని జువాలజీ చెప్పే ఉషారాణికి పురమాయించాడు.

తొడ ఎముక చేతిలోకి తీసుకోగానే ఆమెకు ఒళ్లు మండింది. దాని కొసలు ఊడి విడిగా పడి ఉన్నాయి. పెద్దవాళ్లకైతే అవి అతుక్కుపోతాయి. పిల్లలకు కొసకూ నడిమి కాడకూ మధ్య మెత్తటి మృదులాస్థి ఉంటుంది. ఎముక పొడుగయ్యేది అక్కడే. మట్టిలో ముందు కుళ్లేదీ అదే.

ఎవరి బిడ్డ అని మన్మథరావుని నిలదీస్తే, వజ్రపుకొత్తూరు వైపు ఒక పల్లె పేరు చెప్పాడు. చేపలు పట్టేవాళ్లు అక్కడ పిల్లల్ని ఒడ్డు ఇసకలోనే పాతిపెడతారట.

"ఎవులిదైతే ఏటి మేడమ్? ఎముక ఎముకే గదా," అని నవ్వాడు.

అతనితో మాట దండగ. పొద్దున్నే తీసుకుపోయి తల్లికి అప్పగించేద్దామని, సాయంత్రం అందరూ వెళ్లాక ఎముకల్ని బల్లగుడ్డలో మూటకట్టసాగింది. బయట వాన. కరెంటు పోయింది. ఫార్మలిన్ ఘాటులోంచి తడి ఇసక వాసన లేచింది.

మూటలో కిర్రుమంది.

ఆగింది... మళ్లీ కిర్రు...

అగ్గిపుల్ల గీసింది. ఊడిన కొసలు కాడకు చేరుకున్నాయి. నడుమ ఏదో... లేత కొబ్బరిలా... తెల్లగా, తడిగా. ముట్టుకుంది. వెచ్చగా ఉంది. వేలిని నెడుతోంది.

పుల్ల ఆరిపోయింది. ముడి గట్టిగా బిగించింది.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కింది. ఖాళీ గొయ్యి పక్కన తల్లి నూకాలమ్మ కూర్చుని ఉంది. మూట చూసి ఏడవలేదు. పిల్ల పేరు బేబి అని మాత్రం చెప్పింది. ఆ పల్లెలో గొయ్యి పిల్ల పొడవుకి సరిగ్గా తవ్వుతారు, బెత్తెడు చోటు కూడా మిగల్చరు. చోటు దొరికితే పిల్ల ఎదుగుతుందని వాళ్ల భయం.

ఇద్దరూ ఎముకల్ని వరసగా పేర్చారు. మడమలు గొయ్యి అంచు దాటాయి.

నూకాలమ్మ కాళ్లవైపు ఇసక తోడసాగింది. సరిపోయాక కూడా ఆపలేదు. సరిపోయిందని, చోటు మిగిలిపోతుందని ఉషారాణి మెల్లగా అంది.

"మిగలాలనే," అంది నూకాలమ్మ గుసగుసగా. "పండుకున్నదాన్ని లేపీసినారు గదా. ఇంక ఎదగనీ."

"ఏం తిని ఎదుగుతుంది?"

"లేపినోడున్నాడు గదా."

కాళ్లవైపు చోటు ఖాళీగా వదిలేసి మిగతాది పూడ్చారు.

ఉషారాణి ఉద్యోగం మానేసింది. దసరా సెలవులయ్యాక మన్మథరావు ఆమె ఇంటికొచ్చాడు. గుమ్మంలో పోల్చుకోలేకపోయింది. ప్యాంటు నేల మీద జీరాడుతోంది. చొక్కా చేతులు వేళ్లను కప్పేశాయి. కుర్చీలో కూర్చుంటే కాళ్లు కిందకి అందలేదు.

"ఆ ఎముకలు ఏటి సేసినారు మేడమ్?" గొంతు సన్నగా వచ్చింది. "ఎక్కడ పెట్టినారో సెప్పండి... సాలు..."

ఆ మిగిలిన చోటు ఇసకతో పూడిస్తే పిల్ల ఎదగడం ఆగిపోతుందని ఆమెకు తెలుసు. చెప్పకూడదని అప్పుడే నిర్ణయించుకుంది. అతను మళ్లీ వచ్చాడు, ఆ తర్వాత అతన్ని ఎవరో చంకనెత్తుకుని తెచ్చారు.

ఆమె చెప్పలేదు.