మైనస్ మీద ఎర్ర ప్లస్

అమ్జద్ రాసిన లిఫ్టు లెక్క సొల్యూషన్‌లో మైనస్ గుర్తు మీద ఎర్ర పెన్నుతో ప్లస్ పెట్టి ఉంది. దిద్దింది ఫిజా. వరంగల్‌లోని ఆ కాలేజీలో ఇద్దరూ ఫిజిక్సే చెప్తారు. ఒకరు రాసిన లెక్కలు ఇంకొకరు దిద్దాకే పిల్లలకు ఇవ్వాలి.

"లిఫ్టు దిగుతాంది మేడం. దిగేటప్పుడు బరువు తక్కువ తెలుస్తది. మైనస్సే," అన్నాడు అమ్జద్, రెండు సెక్షన్ల పిల్లలు కూర్చున్న హాల్లో, అందరి ముందే.

"దిగుతాంది గని ఆగబోతాంది సార్. ప్రశ్న మళ్లొకసారి చదువుండ్రి."

"నాకు చదువుడు నేర్పుతరా? మొన్నగాక మొన్న వచ్చిండ్రు!"

పిల్లలు కిసుక్కుమన్నారు. ఫిజా పెన్నుకు క్యాప్ పెట్టి వెళ్లిపోయింది.

సాయంత్రం అమ్మ ఫాతిమా బేగం అతన్ని బట్టల షాపుకు లాక్కెళ్లింది. ఆదివారం ఫిజాను పెళ్లికి అడగడానికి వాళ్లింటికి వెళ్లాలి. అమ్మను బతిమాలి ఒప్పించింది అతనే. ఫిజా కూడా సరేనని ఇంట్లో చెప్పింది. అమ్మ సంచి నిండా బట్టలు కొంది.

పై అంతస్తు నుంచి లిఫ్టులో దిగారు. కింద ఆగబోతుండగా అతని చేతిలోని సంచి ఒక్కసారిగా బరువెక్కి వేళ్లను లాగింది.

అమ్జద్ చెవులు వేడెక్కాయి. పిల్లల కిసుక్కు ఇప్పుడు తన మీదే వినిపించింది.

"ఏమైందిరా, మొకం గట్లయింది?"

"ప్లస్సే అమ్మీ. అందరి ముందట ఫిజా ఇజ్జత్ తీసిన. తప్పు నాది."

"యా అల్లా! ఇగ ఏ మొకం పెట్టుకొని పోదాంరా?"

తెల్లారి మొదటి సెక్షన్‌లో చాక్‌పీస్ అతని చేతిలో రెండుసార్లు విరిగింది.

"ఆగేటప్పుడు త్వరణం పైకి ఉంటది. మేడం దిద్దిందే కరెక్టు. నేను మేడంను అన్నది ఇంకా పెద్ద తప్పు."

"మేడంకు సారీ చెప్పిండ్రా సార్?" వెనక బెంచీ అడిగింది.

తల తిప్పితే, తలుపు దగ్గర ఫిజా. బయటికి వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. చూపు ఆమె చెప్పుల దగ్గరే ఆగిపోయింది.

"మాఫ్ చేయుండ్రి."

"నిన్న హాల్ల రెండు సెక్షన్లున్నయి సార్."

"గాడ గూడ చెప్త. మరి... ఆదివారం అమ్మీని తీస్కొని రావాల్నా, వద్దా?"

"ముందుగాల ఆ సెక్షన్‌కు పోండ్రి."

తల వంచుకుని నడిచాడు. వరండా చివరికి చేరేసరికి వెనక నుంచి ఆమె గొంతు వినపడింది.

"సార్! మా బాబాకు షుగరున్నది. మిఠాయి తేవద్దని అమ్మీకి చెప్పుండ్రి."