ముళ్ల మెత్త

"ఆగండి! దాని మీద కాదు!"

ఆమె కేక పూర్తయ్యేలోపే కంకర బస్తా దిగిపోయింది. లారీ డ్రైవరు కంగారుగా బస్తా లాగేసి, నలిగిన మొక్కని సరిచేయబోయి "అబ్బా!" అంటూ చెయ్యి విదిలించాడు. అరచేతి నిండా ముళ్లు.

"సారీ అండీ. దిండులా ఉంటే నాచనుకున్నాను. ఏంటిది?"

"అకాంతోలిమోన్."

"పేరు పలికినా గుచ్చుకునేలా ఉందే!"

ఆమె నవ్వలేదు. ఆ రాళ్ల తోటనీ, పక్కనున్న నర్సరీనీ పెంచింది ఆమె భర్త. ఆ మొక్కకి ముళ్ల మెత్త అని ముద్దుపేరు పెట్టిందీ అతనే. జ్వరంతో హఠాత్తుగా పోయాడు. ఇప్పుడు నర్సరీని ఆమె, అత్తగారు నడుపుతున్నారు.

డ్రైవరు మళ్లీ వచ్చాడు, ఈసారి లోడు లేకుండా.

"పేషెంట్ ఎలా ఉంది మేడమ్?"

"సగం ఎండిపోయింది."

"తవ్వి మంచి చోట పెడితే?"

"వేరు రాళ్ల కిందకి లోతుగా పోతుంది. కదిపితే చచ్చిపోతుంది. ఇక వాన తడి తగిలితే మిగిలిందీ కుళ్లిపోతుంది."

అప్పట్నుంచి వాన పడితే చాలు, ఎక్కడున్నా వచ్చి మొక్కకి గాజు పలక అడ్డం పెట్టేవాడు.

"తడిసిపోతున్నారు. గొడుగు లేదా?"

"ఉందండీ. లారీలో హాయిగా పొడిగా ఉంది."

ఆమె ఫక్కున నవ్వింది. నవ్వినందుకు లోపలికెళ్లి ఏడ్చింది.

మిగిలిన సగానికి గులాబీ రంగు పూలు వచ్చిన రోజున అతను చెప్పేశాడు. "మీరంటే నాకిష్టం."

"ఇంకెప్పుడూ రావద్దు."

అతను రాలేదు. కంకర వేరే లారీలో వచ్చింది.

"ఆ అబ్బాయి మానేశాడేం?" అడిగింది అత్తగారు.

"నేనే రావద్దన్నాను అత్తయ్యా." కారణం కూడా చెప్పింది, తలెత్తకుండా.

అత్తగారు గడ్డం పట్టుకుని ఆమె తల పైకెత్తింది. "నువ్వు నా కొడుకుని మర్చిపోతావేమోనని నాకు భయంగా ఉండేది. నిన్నిలా చూస్తుంటే ఇంకా భయంగా ఉందే తల్లీ. రమ్మను."

"మిమ్మల్ని వదిలి నేనెక్కడికీ వెళ్లను."

"వెళ్లమన్నానా? రమ్మనమన్నాను."

అతను వచ్చి గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

"మిమ్మల్ని... ఏమని పిలవాలండీ?"

"అమ్మా అని మాత్రం అనకు బాబూ. అది నా కొడుకు పిలుపు." ఆవిడ కోడలి చెయ్యి వెతికి పట్టుకుంది. "అత్తయ్యా అను. ఇది నా కూతురు."