ఆడవాళ్ల డబ్బాలో గొలుసు

పొద్దున్నే ఎంకయ్య గడ్డం గీసుకుంటుంటే, కూతురు రెబెక్క ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తెచ్చి మంచం మీద పెట్టింది.

"జర జల్ది గానియ్ నాయినా. పాస్టరయ్య వచ్చే యాళ్లయింది. ఇయ్యాల పెద్దమనిషివి నువ్వే."

"ఆడ నేనేం జెయ్యాల్నే?"

"రిబ్బన్ లేదు, కత్తెర లేదు. కొత్త తీరుగ చేస్తున్నం. వచ్చినంక చూస్తవు గద!" నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

రెబెక్క, ఆమె భర్త ప్రభుదాస్ కలిసి ఒక పాత రైలు డబ్బా కొని, వికారాబాద్ స్టేషన్ దారిలో పెట్టి హోటలు చేశారు. కర్రబల్లలు, ఇనుప ఊచలు ఉన్న ఆడవాళ్ల డబ్బా అది. ఏ లైను మీద తిరిగిందో అమ్మినవాడికే తెలియదు. రంగు వేసి ఉన్నదున్నట్టు ఉంచితే బడిపిల్లలు వచ్చి చూస్తారని ఎంకయ్య మొదట్లోనే అన్నాడు. "చూసిపోతే మన కడుపు నిండుతదా మామా?" అన్నాడు ప్రభుదాస్. అదీ నిజమే. ఈ కాలంలో పాతది ఏదైనా మిగలాలంటే దాంట్లో బిర్యానీ అమ్మాలి.

ఎంకయ్య ఉప్మా పళ్లెం ముందు కూర్చున్నాడు. భార్య రాహేలమ్మ ఉన్నన్నాళ్లు ఆ ఇంట్లో ప్రార్థన లేకుండా ఎవరూ తినలేదు. "ఆహారం కోసం స్తోత్రం తండ్రీ, గొలుసు కోసం స్తోత్రం" అనేదామె. మెడలో ఆమెకున్నది సన్నటి బంగారు గొలుసొక్కటే. పోయినేడు ఆమె చనిపోయినప్పుడు, పెట్టె మూసేముందు ఆ గొలుసు తీయబోతే రెబెక్క అడ్డం పడింది. "అమ్మ రోజూ దేవునికి స్తోత్రం చెప్పిన గొలుసు. అమ్మతోనే పోవాలె" అని మొండికేసింది. ఎంకయ్య ఆ రోజు నోరు తెరవలేదు.

డబ్బా ముందు షామియానా వేశారు. లోపలికి వెళ్లగానే ఎంకయ్య తలెత్తి చూశాడు. కిటికీ పైన, ఆపద వస్తే రైలు ఆపే గొలుసు. దానికి ఇత్తడి గంట కట్టారు. పక్కన ఎర్రక్షరాల బోర్డు: "ఆకలైతుందా? గొలుసు గుంజుండ్రి!"

"గుంజు నాయినా! నువ్వు గంట కొడితే హోటల్ షురూ అయినట్టే." అందరూ ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు.

ఎంకయ్య చెయ్యి పైకి లేచి, సగంలోనే కిందికి జారింది. "నాతోని కాదు" అని వంటగది వైపు నడిచాడు.

రెబెక్క వెనకాలే వచ్చి తలుపు వేసింది. "అందరి ముందట ఇజ్జత్ తీసినవ్!"

"గా గంట ఊడదియ్యి బిడ్డా. బల్లలు కోసిండ్రు, నేనేమన్న అన్ననా? గదొక్కటి వద్దు."

"గొలుసు కోసం గింత పంచాయితీనా? మొదటిసంది నీకు ఈ హోటలంటెనే మంట. డబ్బా సల్లగుండాలె, బిడ్డ రోడ్డు మీద పడ్డా మంచిదే!"

"నువ్వొకసారి పడ్డవు బిడ్డా. తాండూర్ టేసన్ల."

రెబెక్క అతని వైపు తిరిగింది.

"నీకు మూడేండ్లు. మీ అమ్మ ఆడోళ్ల డబ్బా ఎక్కింది, నేను ఎనక డబ్బాల. నువ్వు నా తాన ఉన్నవని ఆమె, ఆమె తాన ఉన్నవని నేను. బండి కదిలినంక మీ అమ్మ కిటికీలకెళ్లి చూస్తే, నీళ్ల నల్ల కాడ బన్ను పట్టుకొని ఒక్కదానివే నిలవడ్డవు. మీ అమ్మ పొట్టిదాయె. బల్లెక్కి, రెండు చేతులతోని గొలుసుకు ఏలాడింది. గాజులు పగిలి చెయ్యంత నెత్తురు. బండి ఆగింది."

"అమ్మ చేతి మీది మచ్చ... కత్తిపీట తెగిందన్నది గద?"

"కన్నతల్లి మరిచిపోయి రైలెక్కిందని నీకు తెల్వొద్దన్నది. నాతోని మాట తీసుకున్నది."

రెబెక్క మెల్లగా గోడకు ఆనుకుంది. "మరి ప్రార్థనల గొలుసు..."

"బంగారం కోసం స్తోత్రం చెప్పేదా బిడ్డా మీ అమ్మ?"

"అయితే పెట్టెల నేను పెట్టింది ఏంది నాయినా? నువ్వెందుకు చెప్పలే?"

"నువ్వప్పుడు మస్తు ఏడుస్తున్నవు. ఏమని చెప్పాలె?"

ఆమె ముఖం తుడుచుకుంది. "గా డబ్బానేనా ఇది?"

"ఏమో. అన్ని డబ్బాలల్ల గసొంటి గొలుసే ఉంటది."

అప్పుడే బయట గంట గణగణ మోగింది. "బండి ఆపుండ్రి, చాయ్ గావాలె!" అని ఎవరో అరిస్తే అందరూ నవ్వారు.

రెబెక్క తలుపు తోసుకుని పరుగెత్తింది. పట్టుచీర కుచ్చెళ్లు ఎత్తి బల్లెక్కింది. ఆమె కూడా పొట్టిదే. మునివేళ్ల మీద లేచి, రెండు చేతులతో గంట ముడి విప్పసాగింది. ఎంకయ్య వెళ్లి, ఊగుతున్న బల్లను గట్టిగా పట్టుకున్నాడు.

"పిచ్చి లేసిందా నీకు? ఇగ ఆర్డర్లెట్ల తీసుకుంటం?" అన్నాడు ప్రభుదాస్.

"నోటితోని పిలుస్తరు తీయ్" అంటూ ఆమె గంటనూ బోర్డునూ తీసి అతని చేతిలో పెట్టింది.

విస్తళ్లు వేశారు. పాస్టరయ్య ఎంకయ్యనే ప్రార్థన చేయమన్నాడు. రాహేలమ్మ పోయాక అతను ఎవరి ముందూ ప్రార్థన చేయలేదు. లేచి కళ్లు మూసుకున్నాడు. "ఆహారం కోసం స్తోత్రం తండ్రీ..." అన్నాడు.

అందరూ తలలు వంచుకుని ఎదురు చూస్తున్నారు.

"గొలుసు కోసం స్తోత్రం" అంది రెబెక్క, ఏడుస్తూనే.

ప్రభుదాస్ తలెత్తి, అర్థంకాక, భార్య మెడ వైపు చూశాడు.