వెండి కళ్ళ తుపాకి

"మా నాయన రేపు చచ్చిపోతాడు సార్. మీరు రాకపోతే ఖాయంగా చచ్చిపోతాడు," అంది ప్రసూనాంబ, కుర్చీలో కూర్చోకముందే.

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి వెనక వీధిలో, ఒక పూలకొట్టు పైన మేడగదిలో ఉంటుంది డిటెక్టివ్ ముకుందం ఆఫీసు. ఆయన సైన్యంలో ఆయుధాల మరమ్మతు విభాగంలో పనిచేసి రిటైరైన మనిషి. నుదుట సన్నటి తిరుచూర్ణం, చేతిలో ఎప్పుడూ ఒక మెత్తటి గుడ్డ. ఎదుటివాళ్ళు మాట్లాడుతున్నంతసేపూ కళ్ళద్దాలు తుడుస్తూనే ఉంటాడు. అవి ముక్కు మీదికి ఎక్కాయంటే ఆయన బుర్ర పని మొదలుపెట్టినట్టేనని అసిస్టెంటు సుబ్రమణ్యం నమ్మకం. సుబ్రమణ్యం సంగతి చెప్పక్కర్లేదు, గురువుగారు తుమ్మినా అందులో ఏదో ఆచూకీ ఉందనుకునే రకం.

"నిదానంగా చెప్పమ్మా," అన్నాడు ముకుందం.

"మాది బంగారుపాళ్యం సార్. మామిడితోటలు ఉండాయి. ఇంట్లో ఒక చెకుముకి తుపాకి ఉండాది. పాళెగాళ్ళ కాలంలో మా పూర్వీకుడు దాంతోనే కావలి కాసినాడంట. మేము దాన్ని తుపాకి అనం, పెద్దాయన అంటాం. వెండి కళ్ళు పెట్టి మంగళవారం మంగళవారం పూజ చేస్తాం. ఊదుబత్తి కాలినంతసేపూ ఇంటి పెద్ద ఒక్కడే గదికి గడియ పెట్టుకోని, గొట్టానికి ఎదురుగా కూర్చోవాల. 'నేనెవురి సొత్తూ తినలేదు' అని చెప్పుకోవాల. తినింటే పెద్దాయన పలుకుతాడని మా వాళ్ళ మాట. ఇన్ని తరాల్లో ఒక్కసారీ పలకలేదు. పలికేదానికి కుదరదు గూడా. దాని చెవి ఎప్పుడో సీసం పోసి మూసేసినారు."

"చెవి ఏంటి?" అన్నాడు సుబ్రమణ్యం.

"గొట్టం పక్కన సూది దూరేంత రంధ్రం," అన్నాడు ముకుందం. "రాయి ఉక్కురేకు మీద గీసుకుంటే రవ్వలు కింద చిప్పలో ఉన్న మందు మీద పడతాయి. ఆ నిప్పు రంధ్రంలోంచి లోపలికి పోయి గుండును తోస్తుంది. రంధ్రం మూసేస్తే ఇక అది వట్టి ఇనపగొట్టమే."

ప్రసూనాంబ గొంతు తగ్గించింది. "పోయిన మంగళవారం అది పలికింది సార్."

నశ్యం డబ్బీ జారిపడితే తండ్రి వెంకటముని దానికోసం వంగాడట. అదే క్షణాన తుపాకి పేలింది. గుండు కుర్చీ వీపును చీల్చుకుని గోడలో దిగింది. తలుపు పగలగొట్టి చూస్తే గదినిండా పొగ, నేలమీద ముసలాయన. ఇంకో మనిషి లేడు. లోపలి గడియ అలాగే ఉంది, కిటికీకి కమ్ములు ఉన్నాయి.

"ఆ పొద్దు నుంచి నాయన మెతుకు ముట్టలేదు. తప్పు చేసినానమ్మా, పెద్దాయన గురి తప్పింది గానీ వచ్చే వారం తప్పదు, మళ్ళా కూర్చుంటా అంటాడు. వచ్చే వారమంటే రేపే. పోలీసులకు చెబుదామంటే తుపాకికి లైసెన్సు లేదు." ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఊదుబత్తి పెట్టేది మా పిన్నమ్మ దేవకమ్మ, చచ్చిపోయిన మా చిన్నాయన భార్య. ఊరంతా ఆమెనే వేలెత్తి చూపిస్తా ఉండారు. చిన్నాయన భాగం తోట గూడా నాయన చేతిలోనే ఉండాది గదా, ఆ కక్షతో ఏదో చేతబడి చేయించిందంటారు."

ముకుందం కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. సుబ్రమణ్యం సంచి సర్దడానికి లేచాడు.

బస్సు దిగి తోటలోకి నడిచేసరికి మధ్యాహ్నమైంది. మామిడి పూతమీద ఉంది. పూత మీద ఈగలు ముసిరే కాలంలో చెవులు గింగురుమనాలి, కానీ ఆ ఇంటి చుట్టూ ఎందుకో చప్పుడు లేదు. అరుగుమీద కుక్క కూడా మొరగకుండా లేచి పక్కకు పోయింది. సుబ్రమణ్యానికి ఆ మౌనం బొత్తిగా నచ్చలేదు.

పూజగదిలో ఎత్తుపీట మీద తుపాకి పడుకోబెట్టి ఉంది. ఒళ్ళంతా పసుపు, చెక్క మడమ దగ్గర కుంకుమ బొట్టు, బొట్టు మీద రెండు వెండి కళ్ళు. ఏ పక్క నిలబడినా అవి తననే చూస్తున్నట్టు అనిపించి సుబ్రమణ్యం ముకుందం వెనక్కి చేరాడు. దానికి ఎదురుగా వీపు చిరిగిన కుర్చీ, ఆ కుర్చీలో కళ్ళు గుంటలు పడిన వెంకటముని.

"మీరు దేనికొచ్చినారు సామీ? ఇది మాకూ పెద్దాయనకూ మధ్య సంగతి," అన్నాడు ముసలాయన.

"పెద్దాయనకు కోపం ఎందుకొచ్చిందంటారు?" అన్నాడు ముకుందం.

"ఉగాదికి చంద్రగిరిలో పాత ఆయుధాలు ప్రదర్శనకు పెడతామని, వాటి సంగతి బాగా తెలిసినోళ్ళు వచ్చినారు. పెద్దాయన్ను పంపిస్తానని మాటిచ్చినా. దానికేమో అనుకున్నా. కాదులే. నా తప్పేందో నాకు తెలుసు." ఆయన ముఖం తుపాకి వైపు తిప్పుకున్నాడు.

దేవకమ్మ గడపలోనే నిలబడింది. చూపు మందగించిన మనిషి, ఎవరు మాట్లాడినా తల పక్కకు వాల్చి వింటుంది.

"ఊదుబత్తి యాడ గుచ్చుతావమ్మా?" అని ఆమె యాసలోనే అడిగాడు ముకుందం.

"రాయి పట్టుకునే దవడ ఉండాది సూడు, ఆడనే బాబూ. రాయి ఎప్పుడో ఊడిపాయ. మా అత్త గూడా ఆడనే గుచ్చేది. బూడిద కింద చిప్పలో పడతాది. పూజైనాక దాన్ని ఇంటి పెద్ద నొసట పెట్టుకుంటాడు. చిప్ప తుడవకూడదు, అది ప్రసాదం."

ఇంతలో ప్రసూనాంబ భర్త రాజారత్నం వచ్చాడు. ఇల్లరికపు అల్లుడు. పండ్ల రసం ఫ్యాక్టరీ సరుకు పని మీద మద్రాసు తిరుగుతుంటాడు. తెల్లటి షర్టు, మర్యాదైన నవ్వు.

"నేను మొదట్నించీ చెప్తా ఉండా సార్, దీన్ని బాయిలో పడేస్తే పీడ పోతాదని. మామ వింటేగా!"

"ఈ తుపాకి ఎప్పుడైనా ఇల్లు దాటి పోయిందా?"

"పోయినేడు దవడ ఊగిపోతా ఉంటే ఈయనే మద్రాసుకు తీసకపోయి బాగు చేయించుకోని వచ్చినాడు," అంది ప్రసూనాంబ. రాజారత్నం తల ఊపాడు.

ముకుందం తుపాకిని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి అందరినీ బయటికి పొమ్మన్నాడు. గోటితో ఒక వెండి కన్ను లేపాడు. కింద చెక్క, చుట్టూ ఉన్న చెక్కలాగే నల్లగా నిగనిగలాడుతోంది. మర విప్పి చూసి సుబ్రమణ్యం అరచేతిలో పెట్టాడు. గొట్టాన్ని చెక్కలోంచి విడదీశాడు. అడుగున చిన్న ముద్రలు, ఒక నంబరు. జేబులోంచి చెకుముకి రాయి తీసి ఉక్కురేకు మీద గట్టిగా గీశాడు. గీత పడింది గానీ ఒక్క రవ్వ రాలలేదు. రంధ్రంలో సూది పెట్టి తిప్పితే అంచు కొత్త ఇత్తడి గిన్నెలా మెరిసింది. చివరికి చిప్ప మూలలో మిగిలిన నల్లటి పొడిని గుడ్డతో తుడిచి, దవడలో ఇరుక్కున్న కాలిన వెదురుపుల్లను కాగితంలో చుట్టాడు.

"పాతది కాదా గురువుగారూ?"

"తుపాకి కాదయ్యా, తుపాకి వేషం. విదేశాల్లో ఇలాంటివి ఫ్యాక్టరీలో చేస్తారు, గోడకు తగిలించుకోవడానికి. మర చుట్లు మెషీను కోసినవి. ముద్రలు పాళెగాళ్ళ కాలానివి కావు. తరతరాలు కళ్ళు అంటించిన చోట చెక్క రంగు వేరుగా ఉండాలి, ఇక్కడ లేదు. ఉక్కురేకును కాల్చి గట్టిపరచలేదు కూడా, దీనికి జన్మలో రవ్వ రాలదు. ఇలాంటి అలంకారపు వాటికి రంధ్రం కూడా తొలవరు."

"మరి రంధ్రం ఉందిగా! రవ్వ లేకుండా పేలిందెట్లా?"

"అదే నన్నూ భయపెడుతోంది," అన్నాడు ముకుందం, గుడ్డ మడుస్తూ. నిజంగానే ఆయన ముఖంలో భయం కనిపించింది. "ఇవాళ దీన్ని నా దగ్గరే ఉంచుకుని బాగు చేస్తానని వాళ్ళకు చెప్పు."

మంగళవారం పొద్దున పూజగదిలో అందరూ కూర్చున్నారు. ముకుందం తుపాకిని పీట మీద పెట్టి, దవడలో ఊదుబత్తి గుచ్చి వెలిగించాడు. పొగ నిటారుగా లేచింది.

"బాగు చేశాను. పోయిన మంగళవారం ఎట్లా ఉన్నిందో అట్లే చేసి పెట్టాను. మందు ఉంది, గుండూ ఉంది," అన్నాడు. "దేవకమ్మా, ఆ కుర్చీలో కూర్చుంటావా?"

"నాకేం భయం బాబూ? నేనెవురిదీ తినలేదు." ఆమె తడుముకుంటూ వచ్చి గొట్టానికి ఎదురుగా కూర్చుంది. ఊరి మాటలకు అంతకంటే జవాబు అక్కర్లేదని సుబ్రమణ్యానికి అనిపించింది. కాసేపటికి ముకుందం ఆమెను లేపాడు. వెంకటముని లేవబోతుంటే భుజం పట్టి ఆపాడు.

"మీరు కాదు. అల్లుడుగారు కూర్చుంటారు."

రాజారత్నం నవ్వాడు. భార్య చూస్తోంది, మామ చూస్తున్నాడు. కూర్చోక తప్పలేదు. ఊదుబత్తి కురచవుతోంది. గదిలో అందరి చూపూ గొట్టం నల్లటి నోటి మీద ఉంది. రాజారత్నం చూపు మాత్రం నిప్పు మీద ఉంది. నిప్పు చిప్పకు దగ్గరైంది. బూడిద వంగింది. వెండి కళ్ళు ఆ పొగలో రెప్ప వేసినట్టు కనిపించి ప్రసూనాంబ కెవ్వుమంది. అంతే, రాజారత్నం ఎగిరి ముందుకు దూకి, ఊదుబత్తిని రెండు వేళ్ళతో నలిపేశాడు.



"భయపడ్డవాడు కుర్చీ వదిలి పక్కకు తప్పుకుంటాడు," అన్నాడు ముకుందం. "మీరు నిప్పార్పారు. ఈ తుపాకికి ఊదుబత్తి ఒత్తిలా పనిచేస్తుందని మీకెట్లా తెలుసు రాజారత్నం? నేనెవరికీ చెప్పలేదే!"

రాజారత్నం కాలిన వేళ్ళను తెల్లటి షర్టుకు తుడుచుకున్నాడు.

"నేను చెప్తాను. పోయినేడు మరమ్మతు పేరుతో అసలు తుపాకిని మద్రాసులో అమ్మేశారు. దాని బదులు ఈ విదేశీ బొమ్మ తెచ్చి, పాతదాని వెండి కళ్ళు దీనికి అంటించారు. మామగారు చంద్రగిరికి పంపిస్తానని మాటిచ్చారు. అక్కడ ఆయుధాల సంగతి తెలిసినవాళ్ళు చేత్తో పట్టుకుంటే చాలు, గుట్టు రట్టయ్యేది. ఇల్లూ తోటా చేజారేవి. అందుకని రంధ్రం తొలిచారు. గొట్టంలో మందూ గుండూ కూరారు. చిప్పలో మందు పోసి పైన బూడిద చల్లారు. తుడవకూడని చిప్ప కదా, చూపు ఆనని దేవకమ్మ ఎప్పటిలాగే ఊదుబత్తి గుచ్చింది. అది కాలి కాలి చిప్ప మీదికొచ్చి నిప్పు రాల్చింది. గడియ పెట్టిన గదిలో ఎవరూ లేకుండా పేలింది. మామగారు పోతే పెద్దాయన శిక్ష అనుకుంటారు. తుపాకి బావిలోకి పోతుంది. దాన్ని ఇంక ఏ తెలిసినవాడూ చూడడు."

"ఇప్పుడు పేలుంటే?" అన్నాడు సుబ్రమణ్యం, చెమట తుడుచుకుంటూ.

"పేలదు. లోపల మందు లేదు. రంధ్రంలో నిన్ననే మేకు దిగ్గొట్టాను. నేను బాగు చేసిందల్లా అదే."

రాజారత్నం భార్య వైపు తిరిగాడు. "ప్రసూనా, నువ్వన్నా..."

"మాట్లాడొద్దు." ఆమె అతనికి దూరంగా ఒక అడుగు వెనక్కి వేసింది. "ఆ పొద్దు నాయన లోపలికి పోతా ఉంటే, నశ్యం డబ్బీ అందించింది నువ్వే గదా. నవ్వుతా అందించినావు. నేను పక్కనే నిలబడి, ఎంత మంచోడబ్బా అనుకున్నా." ఆమె సుబ్రమణ్యం వైపు చూసింది. "సార్, స్టేషను దాకా తోడొస్తారా? లైసెన్సు లేని సంగతీ నేనే చెప్తా."

ముకుందం తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. రాజారత్నం నేలమీద కూలబడ్డాడు. పోలీసులొచ్చి తీసుకుపోయేదాకా తల ఎత్తలేదు.

అంతా అయ్యాక కూడా వెంకటముని ఆ పీట ముందే కూర్చుని ఉన్నాడు.

"అయితే పెద్దాయన పలకలేదా సామీ?"

"లేదు. ఏడాది నుంచీ పెద్దాయన ఈ ఇంట్లోనే లేడు."

 ముసలాయన సంతోషిస్తాడనుకున్న సుబ్రమణ్యానికి ఆ ముఖం చూస్తే దిగులేసింది.

"గుండు ఆ దొంగోడిదే. కానీ అది నెత్తిమీద పోయినప్పుడు నాకు తట్టింది నా తమ్ముడు సామీ. వాడి తోటలో కాయ కోయించినప్పుడల్లా ఇట్లే ఆ కుర్చీలో కూర్చోని, ఎవురి సొత్తూ తినలేదని చెప్పినా." ఆయన గడప వైపు తిరిగాడు. "దేవకమ్మా, నీ భాగానికి హద్దురాళ్ళు పాతిస్తా. ఉగాది పోనీ, పాతిస్తా."

 దేవకమ్మ గోడ పట్టుకుని పెరట్లోకి పోయింది. తిరిగొచ్చేటప్పుడు రెండు చేతులతో గడ్డపార మోసుకొచ్చి, ఆయన కాళ్ళ ముందు పెట్టింది.

"ఉగాది దాకా దేనికి బావా," అంది, "పద."