గద్దె ఖాళీగా ఉండకూడదు

కిరండూల్‌లో ఇనుప గని పని జోరుగా సాగుతున్న రోజులవి. మా ఆయన కూర్మారావు రైల్వేలో పాయింట్స్‌మన్. బొబ్బిలి దగ్గర పల్లె నుంచి, హల్బీ, గోండీ మాట్లాడే ఈ కొండ ఊరికి వచ్చి క్వార్టర్‌లో ఉండేవాళ్ళం. నన్ను అప్పా అని పిలిచే మా చెల్లెలు నూకాలు మాతోనే ఉండేది. అమ్మ పోయాక దాన్ని నేనే పెంచాను. పదహారేళ్ళొచ్చినా, కొత్తవాళ్ళు పలకరిస్తే నా వెనక్కి వచ్చి నిలబడే పిల్ల.

ఆ ఏడు వానలు మొదలయ్యే ముందు సినిమావాళ్ళు దిగారు. పాతకాలపు రాజ్యం, చిన్న వయసు రాణి కథ. ఊరి చివర రేకుల గోడౌన్ అద్దెకు తీసుకుని లోపల దర్బారు కట్టారు. రైలు లైను వేసేటప్పుడు అందులో కూలీలను ఉంచేవారట. వాళ్ళలో చాలామంది మళ్ళీ ఇల్లు చేరలేదంటారు. తర్వాత ఎందుకో మూసేశారు.

నేను తెరమీద చూసిన దర్బారుల్లా లేదది. బంగారం లేదు, అద్దాలు లేవు. గోడలూ స్తంభాలూ నేలా అంతా సున్నపు తెలుపు. సభలో నిలబడేవాళ్ళకు తెల్ల అంగీలు. కనుబొమలు కూడా కనపడకుండా ముఖాలకు తెల్లరంగు. అంత తెలుపులో రాణి ఒక్కతే ఎర్రగా ఉండాలని డైరెక్టరు ముచ్చట. సభికుల వేషాలకు గని కూలీలను బుధ్రాం అనే మేస్త్రీ లారీలో తోలుకొచ్చేవాడు.

రాణి వేషం కట్టే అమ్మాయికి చలిజ్వరం తగిలింది. మా నూకాలుది సరిగ్గా అదే ఎత్తు. వెనకనుంచి తీసే షాట్లకు కూర్చుంటే చాలన్నారు. పక్కన నన్ను ఉండనిస్తామంటేనే పంపాను.

ఆ రోజు మధ్యాహ్నం నుంచే మబ్బు పట్టింది. నూకాలును గద్దె మీద కూర్చోబెట్టి, ఎర్ర పావడాను మెట్ల మీదుగా కిందిదాకా పరిచారు. మడతలు కదలకూడదని అంచులకు చిన్న మేకులు కొట్టారు. నడుము దగ్గర తాళ్ళు వెనక్కి లాగి ముడులు వేశారు. తడి సున్నం వాసన, బంక వాసన, దీపాల వేడి. నాకే ఊపిరాడలేదు. అదేమో కిక్కురుమనకుండా కూర్చుంది.

పొద్దుగూకే వేళకు కొండమీద నుంచి వాన దిగింది. రేకుల మీద రాళ్ళు గుమ్మరించినట్టు చప్పుడు. ఠప్పున కరెంటు పోయింది. జనరేటర్ తడిసిందని ఎవరో అరిచారు. కెమెరా తడవకుండా మోసుకుంటూ అందరూ బయటికి పరుగెత్తారు.

"అప్పా, నన్ను లెగదియ్యవే," అంది నూకాలు.

చేతులతో మేకులు ఊడలేదు. ముడులు బిగుసుకుపోయాయి.

"ఉండు, పట్టకారు తెస్తాను. ఇప్పుడే వచ్చేస్తాను," అని బయటికి పరుగెత్తాను.

లారీ గుమ్మం ఎదురుగానే ఉంది. తాటిపత్రి కింద కూలీలందరూ ఇరుక్కుని కూర్చున్నారు. వాన నీళ్ళతో ముఖాల రంగు తుడుచుకుంటున్నారు. బుధ్రాం డ్రైవరు పక్కన పట్టకారు వెతికి నా చేతిలో పెట్టాడు.

"లోపల మీవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?" అనడిగాను.

"కోయీ నహీ, దీదీ. సబ్ గాడీ మే హై," అన్నాడు. ఎవరూ లేరు, అందరూ బండిలోనే ఉన్నారని.

నేను గుమ్మం దాటి లోపలికి అడుగు పెట్టాను.

సభ నిండా ఉంది.

తెల్ల అంగీలు. తెల్ల ముఖాలు. స్తంభాల పక్కన వరసగా, గద్దె వైపు తిరిగి, ఒక్కరూ కదలకుండా... ముందు బొమ్మలేమో అనుకున్నాను. సినిమావాళ్ళు బొమ్మలేవీ తేలేదు. రేకుల సందులోంచి మెరుపు లోపలికొచ్చింది. దగ్గరగా ఉన్నవాడి అంగీ చూశాను. అది అంగీ కాదు. సున్నం. ఒళ్ళంతా సున్నమే, నెర్రెలు విచ్చి, లోపల ఎర్రమట్టి.

"అప్పా..." నూకాలు గొంతు సన్నగా వచ్చింది. "నన్ను లెగనివ్వట్లేదే..."

బయటికి పారిపోవచ్చు. కాళ్ళు అటే లాగాయి. కానీ పిల్ల అక్కడుంది. వాళ్ళ మధ్యనుంచే నడిచాను. భుజాలు తగులుతుంటే బావిలో దిగినంత చల్లదనం. ఎవరూ నా వైపు చూడలేదు. ఊపిరి చప్పుడు కూడా లేదు.

పట్టకారు తడి చేతుల్లోంచి జారి ఎక్కడో పడిపోయింది. మోకాళ్ళ మీద కూర్చుని పళ్ళతో ముడులు లాగాను. ఒకటి వదిలింది. ఇంకొకటి. నోట్లో ఉప్పగా రక్తం.

"పావడాలోంచి పైకి రా. లోపావడాతోనే పరుగెత్తు."

అది లేచింది. అంతే.

సభ మొత్తం ఒక అడుగు ముందుకు వేసింది.

నూకాలు కెవ్వుమంది. దాని జడ ఎవరో పట్టుకున్నారు. తడిమితే నా చేతికి ఎవరి చేయీ తగలట్లేదు, జడ మాత్రం వెనక్కి బిగుసుకుపోయింది. నేను నడుం పట్టుకుని లాగుతున్నాను. కాళ్ళు జారుతున్నాయి. వదలట్లేదు... వదలట్లేదు... అప్పుడు నా చెవి పక్కనే, తడిమట్టి వాసనతో, ఒక గుసగుస.

"గద్దె... ఖాళీగా... ఉండకూడదు."

ఏ దేవుణ్ణి పిలిచానో గుర్తులేదు. ఎవరూ పలకలేదు. ఇక ఏం చేయను?

"నేను కూకుంటాను!" అని అరిచాను. "దాన్నొగ్గీండి. నేను కూకుంటాను!"

ఆ పావడాలోకి నేను దిగాను. గద్దె మీద కూర్చున్నాను.

జడ వదిలింది. నూకాలు ఏడుస్తూ నా చేయి పట్టుకుంది.

"నిన్నొగ్గీసి ఎల్నే అప్పా..."

"ఎల్లు! ఎల్లి మనుషుల్ని తీసుకురా. ఎనక్కి సూడకు."

అది చీకట్లో గుమ్మం దాకా పరుగెత్తడం విన్నాను. తర్వాత వాన చప్పుడొక్కటే.

వాళ్ళందరూ నా వైపు తిరిగారు. ఒక్కొక్కరే వచ్చి వంగి నా పాదాలు తాకారు. వేళ్ళు కావు, చల్లని మట్టిబెడ్డలు. తాకిన ప్రతివాడూ తల ఎత్తకుండా ఏదో అడుగుతున్నాడు. ఒకడు హల్బీలో. ఒకడు గోండీలో. ఒకడు హిందీలో. నాకు అర్థమైనా కాకపోయినా, అదొకే మాటని గొంతులోనే తెలిసిపోతోంది. చివరికి ఒకడు మా వైపు యాసలోనే అడిగాడు. మా నాన్న గొంతులా ఉంది.

"తల్లీ... ఇంటికెల్లిపోమంటారా?"

నా భయం ఒక్క క్షణం ఏడుపైపోయింది. ఎవరి బిడ్డలో వీళ్ళు. ఎన్నాళ్ళుగా అడుగుతున్నారో. జవాబు చెప్పేవాళ్ళు లేక...

"ఎల్లండి," అన్నాను. "అందరూ ఇంటికెల్లిపోండి బాబూ."

ఒక్కసారిగా గాలి వీచినట్టయింది. లాంతర్లు పట్టుకుని బుధ్రాం, వెనక నలుగురు మనుషులు లోపలికి వచ్చేసరికి అక్కడ ఎవరూ లేరు. నేను గద్దె మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తున్నాను. నన్ను పావడాలోంచి లేవదీసి బయటికి తీసుకొచ్చారు. గుమ్మం దగ్గర నూకాలు నన్ను కరుచుకుని మరి వదల్లేదు.

బుధ్రాం మమ్మల్ని క్వార్టర్ల వీధి మొదట్లో దింపి వెళ్ళిపోయాడు. వాన తగ్గింది. కూర్మారావుకు ఆ రాత్రి యార్డులో డ్యూటీ, తెల్లారేదాకా రాడు. ఇల్లు చీకటిగా ఉంది. కొంగుకు కట్టుకున్న తాళంచెవి విప్పి తాళం తీశాను. తలుపు తోశాను.

రాలేదు. మళ్ళీ తోశాను.

లోపలినుంచి గడియ వేసి ఉంది.

"అప్పా," అని నూకాలు నా చేయి గట్టిగా పట్టుకుంది. "మనింట్లో ఎవలే?"

తలుపుకు చెవి ఆనించాను. సందులోంచి తడి సున్నం వాసన. ముందు ఏమీ లేదు. తర్వాత...

లోపల, చీకట్లో, చాలామంది ఒక్కసారిగా లేచి నిలబడిన చప్పుడు.