పటం మీది అద్దం

భద్రాచలం రోడ్డులో టేకు చెట్లు దగ్గరపడే చోట ఆ ఇంజనీరింగ్ కాలేజీ ఉండేది. చుట్టూ అడవి, మధ్యన రెండు మేడలు, వెనకాల ఆడపిల్లల హాస్టలు. రెండువేల మూడులో ద్వాలి అక్కడ సివిల్‌లో చేరింది. పెనుబల్లి పక్కన తండా పిల్ల. ఇంటర్ దాకా తెలుగులో చదివింది. ఇక్కడ సార్లు చెప్పేది చెవిన పడేది గానీ తలకెక్కేది కాదు. మెస్‌లో గడ్డకట్టిన ఉప్మా ముందు కూర్చుంటే ఇల్లు గుర్తొచ్చి ముద్ద దిగేది కాదు.

చేరిన కొత్తలో సీనియర్లు ఇంట్రో అడిగేవాళ్లు. తల వంచుకుని, నేల చూస్తూ, పేరూ ఊరూ అమ్మానాన్నల పేర్లూ చెప్పాలి. తలెత్తితే మళ్లీ మొదటి నుంచి చెప్పించేవాళ్లు. నెలలు గడిచి ఆ ఆటలు ఆగిపోయినా, సీనియర్ గొంతు వింటే ద్వాలి తల దానంతటదే వంగిపోయేది.

అన్నిటికన్నా డ్రాయింగ్ ఆమెని ఏడిపించింది. శంకువుని ఏటవాలుగా కోస్తే లోపల ఎట్లా ఉంటుందో గీయాలి. ఆ కోత ఎంత ఆలోచించినా ఆమె కళ్లకి కట్టేది కాదు. ఏడాది చివర, వానలు మొదలైన రోజుల్లో, సారు తేల్చి చెప్పేశాడు. మర్నాడు పొద్దున్నే షీట్లన్నీ ఇయ్యకపోతే పరీక్షకి కూర్చోనియ్యడు.

"ఏడాది పోతే మళ్ల పంపలేను బిడ్డా. మిర్చి తోటలకి రావాల్సిందే" అని నాన్న బిచ్యా ముందే చెప్పి ఉన్నాడు. కోపంగా కాదు, తల పక్కకి తిప్పుకుని చెప్పాడు. అందుకే ఆ మాట ఆమెని ఎక్కువ పట్టుకుంది.

సాయంత్రం మిగిలిపోయిన ఆఖరి షీటు ముందేసుకుని ఏడుస్తుంటే, గదిలో ఉండే సీనియర్ కళావతి నవ్వింది. ఆమెది సత్తుపల్లి.

"సివిల్ పిల్లవి, గోడ కట్టకముందే కూలేట్టున్నవే! జీటీ కొట్టు. నా పాత షీట్లున్నయి గదా."

"జీటీ అంటే ఏందక్కా?"

"గ్లాస్ ట్రేసింగ్. రెండు స్టూళ్ల మీద అద్దం, కింద బల్బు. అద్దం మీద నా షీటు, దాని మీద నీ షీటు. గీతలు పైకి కనపడతయి, దిద్దుకుంటూ పోవుడే."

"అద్దం ఉందా అక్కా?"

"గదే లేదు. నీ మొహం చూసుకునేది గాదు తల్లీ, ఆర్‌పార్ కనబడేది కావాలె. ఎవర్నన్న అడుగు పో." కళావతి పళ్లెం తీసుకుని మెస్‌కి వెళ్లింది.

ఎవరూ ఇయ్యలేదు. ఆ పూట అందరికీ అద్దంతో పనే. మెట్ల కింద, విరిగిన మంచాల వెనక వెతుకుతుంటే ద్వాలికి షీటంత పెద్ద పటం ఒకటి దొరికింది. రెండు జడల పిల్ల ఫొటో. నుదుటి దగ్గర అద్దం మీద ఎండిపోయిన కుంకుమ బొట్టు. పోయినవాళ్ల పటానికి అట్లా బొట్టు పెడతారని ఆమెకి తెలుసు. తెలిసీ మేకులు పీకింది. పొద్దున్నే మళ్లీ పెట్టేద్దామనుకుంది. ఫొటోని గోడ వైపు తిప్పి, చున్నీ కొంగు తడిపి బొట్టు తుడిచేసింది.

గదిలో బల్బు వెలిగించి అద్దం పరిచింది. బయట వాన. కిటికీలోంచి తడిసిన టేకాకుల వాసన. షీటు మీద షీటు పెట్టగానే, నెలల తరబడి అర్థం కాని గీతలన్నీ కాగితంలోంచి పైకి తేలాయి. పెన్సిలు నున్నగా జారింది. చేరిన తర్వాత మొదటిసారి ద్వాలికి ధైర్యం వచ్చింది.

కరెంటు పోయింది.

హాస్టలంతా ఒక్కసారి "హో" అని అరిచి సద్దుమణిగింది. ద్వాలి ఇంకో గీత గీసింది. ఆ తర్వాత గాని ఆమెకి తట్టలేదు... గది చీకటిగా ఉంది. గీత కనపడుతోంది.

అద్దం కింద వెలుతురు పోలేదు.

పసుపుపచ్చని వెలుతురు. దాంతోపాటు ఒక వాసన. జ్వరం చెమట, చేదు మాత్రల వాసన. అద్దం మీద ఆన్చిన చెయ్యి కాలుతోంది, కాగుతున్న ఒంటి మీద పెట్టినట్టు...

"ఇంట్రో ఇయ్యి."

చెవి పక్కనే. ఆడపిల్ల గొంతు. ద్వాలి తల వంగిపోయింది.

"పేరు?"

"ద్వాలి... అక్కా."

"అమ్మ పేరు?"

"మంగ్లీ."

"మళ్ల చెప్పు."

నోరు తెరిచింది. పేరు రాలేదు. ఇప్పుడే అన్న పేరు... నాలుక చివర ఖాళీ. అమ్మ మొహం కోసం వెతికింది. చీర కొంగు కనపడింది, చేతికి గాజులు కనపడ్డాయి. మొహం లేదు.

భయంతో పెన్సిలు పైకెత్తింది. వెలుతురు సన్నగిల్లింది. సగం శంకువు చీకట్లో కలిసిపోయింది. ఇంకొంచెమే మిగిలింది. పొద్దున్నే సారు... మిర్చి తోట...

పెన్సిలు మళ్లీ కాగితం మీద పెట్టింది. వెలుతురు వచ్చింది.

"నాయిన పేరు?"

కన్నీళ్లు షీటు మీద పడకుండా చేత్తో తుడుచుకుంటూ ద్వాలి చెప్పింది. ఊరు అడిగితే అదీ చెప్పింది. ఆ తర్వాత గొంతు చాలా అడిగింది. తల ఎత్తకుండా అన్నీ చెప్పింది.

కళావతి కొవ్వొత్తితో వచ్చేసరికి షీటు పూర్తయింది. కింద బల్బు చల్లగా ఉంది.

"చీకట్లో ఎట్ల గీసినవే?" అని నవ్వబోయి, అద్దం అంచున మేకుల గుర్తులు చూసి ఆగిపోయింది. "ఇది యాడిది?"

"మెట్ల కింద... పటం."

కళావతి కొవ్వొత్తి బల్ల మీద పెట్టి మంచం మీద కూలబడింది. "నాగలక్ష్మిదే అది. దుమ్ముగూడెం పిల్ల, నా క్లాస్‌మేట్. పోయినేడు మలేరియా మెదడుకెక్కింది. దవాఖానాల వాళ్లమ్మనే ఎవరని అడిగింది. ఎవ్వల్నీ గుర్తువట్టకుండనే పోయింది." ద్వాలి చెయ్యి పట్టుకుంది. "నీకేం కాలే గదా?"

"ఏం కాలేదు."

ఇద్దరూ వెళ్లి పటానికి అద్దం బిగించారు. కళావతి కొత్త బొట్టు పెట్టి దండం పెట్టింది. మర్నాడు సారు షీట్లు చూసి, మారు మాట లేకుండా సంతకం చేశాడు.

ఆదివారం బిచ్యా వచ్చాడు. కళావతి గదికి తాళం వేసి, ద్వాలిని గేటు దగ్గరికి తీసుకొచ్చింది.

"షీట్లన్నీ ఇచ్చినవంట గదా బిడ్డా!" బిచ్యా మొహం వెలిగిపోతోంది. "ఇగ నీకు తోట పని లేదు పో."

ఆ పిల్ల తల వంచుకుని మర్యాదగా నిలబడింది. "ఎవరి కోసం వచ్చిన్రు పెద్దాయనా?"

బిచ్యా పకపకా నవ్వాడు. "చూసినవా కళావతమ్మా! ఇంజనీరు కాకముందే నాయిన్ని మరిచింది."

ఆ పిల్ల నవ్వలేదు. బిచ్యా నవ్వు మెల్లగా ఆగింది. ఆమె గడ్డం పట్టి మొహం పైకెత్తాడు. కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

అప్పుడు మేడ మీద నుంచి, కళావతి తాళం వేసొచ్చిన గదిలోంచి, పిలుపు వినిపించింది.

"బా...!"

తండాలో పిల్లలు నాన్నని పిలిచే పిలుపు. గొంతు ద్వాలిదే. బిచ్యా చేతిలో ఉన్న మొహంలో పెదవులు కదల్లేదు.

కళావతి గుప్పిట్లో తాళంచెవి బిగిసింది. బిచ్యా మెట్ల వైపు అడుగేశాడు. ఆ పిల్ల అతని చెయ్యి పట్టుకుని ఆపింది. ఆమె అరచెయ్యి కాలిపోతోంది.

"పైన ఎవ్వల్లేరు పెద్దాయనా" అంది మెల్లగా. "మీరు బస్సుకి పోండి."